‘బాగానే’లో ‘నే’

మావారు కత్తి పక్కన పెట్టి రెండేళ్ళు దాటింది. ఒకరోజు మెదడు ఆపరేషన్ మధ్యలో ఆయన కుడిచేతి చూపుడువేలు సన్నగా వణికింది. పక్కనున్నవాళ్ళెవరూ గమనించలేదు, ఆయన గమనించారు. ఆ కేసు పూర్తిచేసి, ఇంటికొచ్చి, బూట్లు విప్పుతూనే "ఇవాళ్టితో సరి" అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు మనుషుల తలలు తెరిచి మూసిన మనిషి, ఆ మర్నాటి నుంచి డబ్బా మూత బిగుసుకుపోతే నన్ను పిలవడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత ఆయనకు మిగిలింది ఒక అంకె.

పొద్దున్నే స్నానం చేసి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఆసుపత్రికి బయల్దేరేవాడిలాగే తయారై కంప్యూటర్ ముందు కూర్చునేవారు. రెండు నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత "వెయ్యిన్నూట ముప్ఫై ఎనిమిది" అని వినిపించేది. నేను వంటింట్లోంచి "ఊఁ" అనేదాన్ని. అంకె పెరిగిన రోజు రెండో కప్పు కాఫీ అడిగేవారు. పెరగని రోజు మొదటి కప్పులో పంచదార చాలలేదనేవారు.

ఆదివారం ఆదివారం ఆయన అక్కగారు ఫోన్ చేస్తుంది. మా వదిన చదువు ఎనిమిదో తరగతితో ఆగింది గానీ నోటికి ఏనాడూ సెలవు లేదు.

"ఈ సైటేషన్ అంటే ఏమిటే? వాడు చెప్తే నా చెవికెక్కలేదు" అని ఒకసారి అడిగింది.

"ఆయన రాసిన వ్యాసం గురించి వేరే డాక్టర్లు తమ వ్యాసాల్లో చెప్పుకోవడం వదినా. ఫలానా ఆయన ఇలా తేల్చాడు అని."

"ఓస్, నలుగురూ చెప్పుకోవడమా! మా నాన్న గురించీ చెప్పుకునేవారు. లెక్కపెట్టుకోవాలని మాకు తోచలేదు."

"ఇది వెయ్యి దాటింది."

"తిట్టుకున్నవాళ్ళని కూడా కలుపుతారా?"

"కలుపుతారు. తిట్టినా పొగిడినా లెక్కలో ఒకటే."

"అయితే మా నాన్నది రెండు వేలు దాటుతుంది" అని నవ్వేసి పెట్టేసింది.

మావారు మొత్తం అరవై ఒక్క వ్యాసాలు రాశారు. ఆ వెయ్యిన్నూట ముప్ఫై ఎనిమిదీ ఒక్కదానివే. మిగతా అరవై కట్టకట్టుకుని వచ్చినా దాని మోకాలిదాకా రావు. నుదుటి వెనక ఉండే మెదడు భాగాన్ని కాస్త పక్కకు ఒత్తి, దాని అడుగున పెరిగిన గడ్డను తీసే పద్ధతి అది. పైన కోత చిన్నది, కనుబొమ్మలో కలిసిపోతుంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళని అయిదేళ్ళ తర్వాత పలకరిస్తే, నూటికి తొంభై ఒక్కమంది బాగున్నారని ఆ వ్యాసం చెప్పింది. అంతకు ముందు ఎవరూ ఆ అంకె దరిదాపులకు రాలేదు. ఎక్కడెక్కడి సర్జన్లో ఆ దారి పట్టారు. పట్టిన ప్రతివాళ్ళూ వ్యాసం రాసినప్పుడు మావారి పేరు రాశారు.

వ్యాసంలో పద్ధతి చెప్పేచోట ఒక వాక్యం ఉంది. ‘శిక్షణ పొందిన వ్యక్తి ఒకరు నిర్ణీత ప్రశ్నలతో టెలిఫోన్ ద్వారా వివరాలు సేకరించారు’ అని దాని అర్థం. ఆ శిక్షణ పొందిన వ్యక్తిని నేనే. శిక్షణ మా వంటింటి గడప దగ్గర రెండు నిమిషాలు జరిగింది. ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి నిలబడి, కారు తాళాలు ఊపుతూ, "బాగున్నారా అని అడుగు. బాగుంటే మొదటి గడి, ఓ మోస్తరుగా ఉంటే రెండోది, బాగాలేకపోతే మూడోది. అంతే" అన్నారు.

ఇప్పటికి పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. ఆసుపత్రి నుంచి పంపిన ఉత్తరాలకి పదిమంది కూడా జవాబివ్వలేదు. వ్యాసం పంపడానికి ఆరు వారాలే గడువుంది. "నీ గొంతు బాగుంటుంది, నీతోనయితే మాట్లాడతారు" అన్నారు. పెళ్ళయ్యాక నా గొంతు గురించి ఆయన అన్న మాట అదొక్కటే కాబట్టి నాకు బాగా గుర్తు. మా అమ్మాయి అప్పుడు మూడో తరగతి. దాని పాత నోటుపుస్తకంలో మిగిలిన పేజీలకి గీతలు గీశాను. అట్ట మీద అది గీసిన ఇల్లూ, పొగగొట్టమూ అలాగే ఉన్నాయి.

ఎనభై ఆరు పేర్లిచ్చారు. మధ్యాహ్నాలు ఫోన్ చేశాను. డెబ్భై తొమ్మిదిమంది దొరికారు. నాలుగో రోజుకే నాకు అనుమానం వచ్చింది.

నేను "బాగున్నారా?" అని అడిగితే కొందరు "బాగున్నారమ్మా" అన్నారు. కొందరు "బాగానే ఉన్నారమ్మా" అన్నారు. కాగితం మీద చూస్తే ఒక్క అక్షరం తేడా. నేను డిగ్రీలో భాష చదివినదాన్ని. చదవకపోయినా తెలుస్తుంది. ఇంటికొచ్చిన చుట్టాన్ని "కూర ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటే ఒకటి, "బాగానే ఉంది" అంటే మరొకటి. ఆ ‘నే’ వెనక ఒక ‘గానీ’ గొంతులోనే ఆగిపోయి ఉంటుంది.

ఆ సాయంత్రం ఆయన ఫైళ్ళు సర్దుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి అడిగాను.

"ఏమండీ, బాగానే ఉన్నారు అన్నవాళ్ళని ఏ గడిలో రాయను?"

"బాగానే అంటే బాగున్నట్టేగా?"

"అలా కాదండీ. ఆ మాట అనేటప్పుడు వాళ్ళు కాస్త ఆగుతున్నారు."

"ఆగడానికి గడి లేదోయ్" అని నవ్వారు. "ఇది సర్జరీ, వ్యాకరణం కాదు. లేచి తిరుగుతున్నాడా? తింటున్నాడా? పనికి పోతున్నాడా? మొదటి గడి."

సరేనన్నాను. ఆ ‘నే’ అన్నవాళ్ళందరినీ మొదటి గడిలోనే రాశాను. కాకపోతే ఊరుకోలేక ఒక్కొక్క పేరు పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాను. అన్నీ అయ్యాక చుక్కలు లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి. మొదటి గడిలో ఉన్న డెబ్భై రెండుమందిలో ముప్ఫై ఒక్కరు. వాళ్ళని తీసేస్తే తొంభై ఒకటి కాస్తా యాభై రెండవుతుంది.

ఈ లెక్క ఆయనకు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, వ్యాసం వెళ్ళిపోతే చాలనిపించింది. అది అయిపోతే ఇక రోజూ భోజనాల వేళకి ఇంట్లో ఉంటానని ఆయన మాటిచ్చారు. జాకెట్టు భుజం దగ్గర అరంగుళం ఎక్కువైతే దర్జీ దగ్గరికి నాలుగుసార్లు తిరిగే మనిషిని, దీనికి రెండోసారి నోరెత్తలేదు. చుక్కల పుస్తకాన్ని మాత్రం కుట్టుమిషను సొరుగులో పెట్టి మూసేశాను. వ్యాసం అచ్చయ్యాక చివర్న చూశాను. ‘ఓపికకు గాను భార్యకు కృతజ్ఞతలు’ అని ఉంది.

మొన్న వానాకాలంలో ఆయన శిష్యురాలు ఇంటికొచ్చింది. ఆయన దగ్గర ఆరేళ్ళు పనిచేసి నేర్చుకున్న అమ్మాయి. ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతుండేదని ఆయన ముద్దుగా ‘ప్రశ్నార్థకం’ అని పిలిచేవారు. ఇప్పుడు తనూ పేరున్న సర్జనే. గోళ్ళు చర్మందాకా కత్తిరించుకుని, తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది. నేను అందుకుని బాల్కనీలో ఆరేశాను.

"రావోయ్ ప్రశ్నార్థకం! ఇవాళేం ప్రశ్న?" అన్నారు మావారు. ఆయన మొహం అంత వెలగడం నేను చూసి చాలాకాలమయింది.

"ఒకటే సార్. ఆ పద్ధతి మీద వచ్చిన వ్యాసాలన్నీ పోగేసి ఒకచోట తూచి చూస్తున్నాం. మీ ఫోన్ల తాలూకు అసలు కాగితాలు కావాలి."

"అవెక్కడున్నాయి! ఆసుపత్రి కొత్త భవనంలోకి మారినప్పుడు అన్నీ గంగపాలయ్యాయి."

"పోనీ, ఏం ప్రశ్నలు అడిగారో గుర్తుందా సార్?"

"అందరూ అడిగేవే. ఏం, వ్యాసంలో రాశాంగా?"

ఆ అమ్మాయి కాసేపు కాఫీ కప్పులోకి చూసింది. తర్వాత తలెత్తకుండానే చెప్పింది. ఇంకెవరు చేసినా యాభై, యాభై అయిదు దాటడం లేదట. మనిషి లేచి తిరుగుతాడు, తింటాడు. కానీ ఏదో తగ్గుతుందట. ఒక్క సారు చేసినవాళ్ళలోనే తొంభై ఒకటి.

"అందరూ సార్ చెయ్యి అలాంటిదంటారు. నేనూ అదే అనుకున్నాను. కానీ సార్, నేను మీ దగ్గరే కదా నేర్చుకున్నాను. మీరు ఎక్కడ ఎంత ఒత్తుతారో అంతే ఒత్తుతాను. నావాళ్ళు యాభై మూడు దగ్గర ఆగిపోయారు. లోపం నా చేతిలోనే ఉందేమోనని... ఏడాదిగా ఆ కేసులు తీసుకోవట్లేదు. అసలు సర్జరీయే మానేద్దామా అని కూడా ఉంది."

మావారు వెనక్కి వాలారు. చిన్నపిల్లల్ని ఓదార్చే గొంతుతో అన్నారు.

"బాధపడకమ్మా. ఏం చేస్తాం, అంతా చేతిలో ఉంటుంది. అది నేర్పితే వచ్చేది కాదు."

నేను పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. ఆ మాటకి ఆ అమ్మాయి తన రెండు చేతులూ ఒళ్ళోకి తీసుకుని, ఒకదాని కింద ఒకటి దాచుకుంది.

వెళ్ళేటప్పుడు గొడుగిస్తుంటే నెమ్మదిగా అడిగింది. "మేడమ్, ఆ ఫోన్లు చేసిన శిక్షణ పొందిన వ్యక్తి ఎవరో మీకేమైనా తెలుసా? వాళ్ళనైనా ఒకసారి కలుస్తాను."

నేను తల్లో పిన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాను.

"కనుక్కుని చెప్తానమ్మా" అన్నాను.

మర్నాడు మావారు మధ్యాహ్నం నడుం వాల్చాక కుట్టుమిషను సొరుగు లాగాను. దారపు ఉండల కింద పుస్తకం అలాగే ఉంది. ముప్ఫై ఒక్క చుక్కలకీ ఫోన్ చేశాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. చాలా నంబర్లు పనిచెయ్యలేదు, కొందరు కాలంచేశారు. పదకొండు ఇళ్ళు దొరికాయి.

ఒకాయన తనే ఎత్తి, "బాగానే ఉన్నాను. అప్పుడూ అలాగే అన్నానా? అది మా ఇంటి మాటతీరమ్మా, మా ఆవిడ నగ పెట్టుకుని ఎలా ఉందంటే కూడా బాగానే ఉందంటాను, తిట్లు తింటాను" అని నవ్వాడు. గలగలా నవ్వాడు. ఆయన బాగున్నాడు. అలాంటివాళ్ళు ఇద్దరు. మిగతా తొమ్మిది ఇళ్ళలో అలా లేదు.

ఒక వడ్రంగి భార్య మాట మాత్రం నా చెవిలోంచి పోలేదు. నేను ఫలానా డాక్టరుగారి ఇంటినుంచి అనగానే గొంతు గుర్తుపట్టింది.

"బాగున్నారా మీరంతా?" అంది.

"బాగున్నాం. మీ ఆయన ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నాడమ్మా."

ఈసారి నేను ఊరుకోలేదు. "బాగానే అంటే?"

ఫోన్ తెగిపోయిందేమో అనుకున్నాను.

"మునుపు మేకు వంకరపోతే ఇల్లు పీకి పందిరేసేవాడమ్మా. నోరా అది, తాటిమట్టా అనుకునేదాన్ని. ఇప్పుడు తలుపు ఓరగా వేలాడుతున్నా చూస్తూ కూచుంటాడు. బిగించవయ్యా అంటే బిగిస్తాడు. అనకపోతే లేదు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. నాతో దెబ్బలాడి ఇరవై నాలుగేళ్ళయింది. పిల్ల పెళ్ళిలో అందరం ఏడుస్తుంటే అటూ ఇటూ చూశాడు. ఒక్కసారి నన్ను తిట్టినా బాగుండునని..." ఆగింది. "ప్రాణం దక్కింది. అది మర్చిపోలేదమ్మా."

"అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?"

"ఎలా చెప్తాం? ప్రాణం పోసిన డాక్టరుగారింటి నుంచి ఫోన్ చేసి బాగున్నారా అంటే, బాగాలేదంటామా? తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టినట్టుండదూ? అయినా మీరు ఎలా ఉన్నాడని అడగలేదు కదమ్మా. బాగున్నాడా అన్నారు. ఔనన్నాం."

ఆ రోజు కూర ఉప్పుకషాయం చేశాను. మావారు మారుమాట్లాడకుండా తిన్నారు.

శనివారం పొద్దున్న ఆయన అంకె చూసుకోకముందే పుస్తకం తెచ్చి కీబోర్డు మీద పెట్టాను. ముందు అట్ట మీది ఇల్లు చూసి, "అమ్మాయిదా?" అని నవ్వారు. తెరిచారు. కళ్ళజోడు మార్చుకున్నారు. చుక్కలు ఏమిటని అడిగారు. చెప్పాను. ముప్ఫై ఒకటని చెప్పాను, యాభై రెండని చెప్పాను, పదకొండు ఇళ్ళ సంగతి చెప్పాను. ఆ ఇద్దరి గురించీ చెప్పాను.

వెంటనే ఆ ఇద్దరినీ పట్టుకున్నారు. "చూశావా? ఇద్దరు బాగున్నారా లేదా? అంటే నీ ‘నే’కి విలువ లేదన్నమాట."

"తొమ్మిదిమందికి ఉందండీ."

"ఇది శాస్త్రం. మాటల మధ్య సందులు పట్టుకుని..."

"వడ్రంగి భార్యకి మీరే ఫోన్ చేసి చూడండి."

చేశారు. స్పీకరు నొక్కారు, నేను వినాలని. గొంతు సవరించుకుని, రౌండ్లలో మంచం పక్కన నిలబడి అడిగే గొంతుతో, "నేను డాక్టర్ని మాట్లాడుతున్నాను. మీ ఆయన బాగున్నారా?" అన్నారు.

"అయ్యో, డాక్టరుగారా! మీరు చెయ్యడమేమిటి బాబూ! బాగున్నాడండీ, మీ చలవ! నిక్షేపంగా ఉన్నాడు!"

ఇదే మనిషి. మూడు రోజుల కిందట నాతో మాట్లాడిన మనిషే.

మావారు థాంక్సు కూడా చెప్పకుండా ఫోన్ పెట్టేశారు. కిటికీ అవతల ఎవరో కారు కడుగుతున్నారు, ఆ నీళ్ళ చప్పుడు వింటూ కూర్చున్నారు. చాలాసేపటికి అన్నారు.

"నీకు ‘నే’ అయినా చెప్పారు. నాకు అదీ చెప్పలేదు."

నిజానికి ఆ మాటతో అయిపోయిందనుకున్నాను. కాలేదు. కుర్చీ నా వైపు తిప్పారు.

"నువ్వు అప్పుడే చెప్పాల్సింది."

"చెప్పానండీ. గుమ్మం దగ్గర, మీరు ఫైళ్ళు సర్దుకుంటుంటే."

"ఒకసారి చెప్పావు."

"ఔను."

"జాకెట్టు బాగా కుదరకపోతే దర్జీకి నాలుగుసార్లు చెప్తావు. బట్టల మడత సరిగా లేదని ఇస్త్రీవాడికి వారం వారం చెప్తావు. నాకు ఒక్కసారి చెప్పి ఊరుకున్నావు. పంతొమ్మిదేళ్ళు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నా దగ్గర జవాబు ఉండేది. మీరు విన్నారా అనేదాన్ని, ఓపికకు కృతజ్ఞతలు చెప్పారుగా, అదే చూపించాను అనేదాన్ని. ఆ మాటలు ఏళ్ళ తరబడి నూరి పెట్టుకున్నాను. రోజూ పొద్దున్న ఆయన అంకె చదివితే ‘ఊఁ’ కొట్టింది నేనే. ఆ అంకెలో ఒక్కొక్కటీ ఎక్కడో ఒక సర్జను, ఆ దారినే వెళ్ళడానికి ధైర్యం తెచ్చుకున్న రోజు. ఆ సర్జను ముందు బల్ల మీద ఒక మనిషి. ఇంటి దగ్గర ఆ మనిషిని తిట్టుకుంటూ, తిట్టించుకుంటూ బతికే ఒక ఆడమనిషి. కాఫీ కలుపుతూ నేను ఇవన్నీ ఎరుగుదును. ఎరిగీ పంచదార సరిచూసుకున్నాను.

"మీకు బాధ కలుగుతుందని" అన్నాను చివరికి.

"బాధే కలిగేది. ఒక వ్యాసం పోయేది. నాకప్పుడు నలభై అయిదు. ఇంకోటి రాసేవాణ్ణి" అన్నారు. తన కుడిచేతిని బల్ల మీద పెట్టి, వేళ్ళు చాపి చూసుకున్నారు. చూపుడువేలు వణుకుతోంది. "ఆ పిల్లతో అంతా చేతిలో ఉంటుందన్నాను కదూ?"

"ఔను."

"నువ్వు అక్కడే ఉన్నావా?"

"గుమ్మంలో ఉన్నాను. పళ్ళెం పట్టుకుని."

ఆయన తలాడించారు. "మళ్ళీ గుమ్మమేనా" అన్నారు. నవ్వబోయి మానేశారు.

ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. శిక్షణ పొందిన వ్యక్తి దొరికిందని చెప్పాను. గంటలో వచ్చింది. వాన లేదు గానీ గొడుగు తెచ్చుకుంది. మావారు పుస్తకం తనే ఇచ్చారు, రెండు చేతులతో. చుక్కలు చూపించి, ఎలా లెక్కకట్టాలో ఒక ముక్క చెప్పి, ఆ తర్వాత ఇంకేదో చెప్పాలని చాలాసేపు తంటాలు పడ్డారు.

"నీ చేతిలో లోపం లేదమ్మా. నా చేతిలో ఎంత ఉందో నీ చేతిలోనూ అంతే ఉంది."

ఆ అమ్మాయి పుస్తకం అట్ట మీది పొగగొట్టాన్ని వేలితో రాస్తూ కూర్చుంది. ప్రశ్నార్థకం ఏ ప్రశ్నా అడగకపోవడం అదే మొదటిసారి. వెళ్ళేటప్పుడు ఆయన పాదాల దగ్గరికి వంగబోతే వద్దని వారించారు. ఏడాదిగా ఒకదాని కింద ఒకటి దాచుకున్న ఆ చేతులకి ఏం చెప్పాలో ఆయనకీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

పత్రికకి ఉత్తరం ఆయనే రాశారు. నాలుగు రోజులు రాసి కొట్టేసి, రాసి కొట్టేసి, చివరికి పదకొండు వాక్యాలయింది. ‘శిక్షణ పొందిన వ్యక్తి’ అన్నచోట ‘నా భార్య’ అని పెట్టారు. ఆమె అప్పుడే అభ్యంతరం చెప్పిందని, తాను వినలేదని రాశారు. అభ్యంతరం ఒకసారే చెప్పిందని రాయలేదు. నేను ఆ వాక్యాన్ని రెండుమూడుసార్లు చదివాను. కలపమని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

సవరణ అచ్చయి నాలుగు నెలలయింది. విచిత్రమేమిటంటే, అంకె తగ్గలేదు. పెరిగింది. ఇదివరకు ఆ దారి బాగుందని చెప్పుకున్నవాళ్ళు, ఇప్పుడు ఆ లెక్క ఎలా తప్పిందో చెప్పుకుంటున్నారు. వెయ్యిన్నూట తొంభై దాటిందని శిష్యురాలే చెప్పింది. ఆయన చూడడం మానేశారు. స్నానం చేస్తారు, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటారు, కంప్యూటర్ వైపు కాకుండా కిటికీ వైపు కూర్చుంటారు. ఇచ్చిన కాఫీ తాగుతారు. పంచదార ఎక్కువైందనరు, తక్కువైందనరు. కావాలని ఒకరోజు అసలు వెయ్యకుండా ఇచ్చి చూశాను. తాగేసి కప్పు కింద పెట్టారు.

నిన్న ఆదివారం. వదిన ఫోన్ చేసింది. మోకాళ్ళ గురించి, పక్కింటివాళ్ళ కుక్క గురించి చెప్పి, "వాడేం చేస్తున్నాడే? ఎలా ఉన్నాడు?" అంది.

"బాగానే ఉన్నారు వదినా" అన్నాను.



"బాగానే ఏమిటి?" అంది మా వదిన, ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మా వదిన. "ఏమైందే వాడికి?"

నేను కుట్టుమిషను ముందున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"చెప్తాను. మీకు తీరికేనా?" అన్నాను.